బలం మనిషిదా, కుర్చీదా?

అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి సికింద్రాబాద్ రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా పరీక్ష రాసిన కుర్రాళ్లను 42 అంటే ఏమిటని అడగండి, తడుముకోకుండా చెబుతారు. రాతపరీక్షలు గట్టెక్కినవారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆప్టిట్యూడ్ పరీక్ష పెడతారు. జ్ఞాపకశక్తి, సూచనలను చెప్పినట్టే పాటించడం, లోతును అంచనా కట్టడం, ఏకాగ్రత, కంటపడినదాన్ని చప్పున పోల్చుకోవడం, వీటిలో ఒక్కోటీ విడి పరీక్షే. ప్రతి దాంట్లోనూ కనీసం 42 టి-స్కోరు రావాలి. ఏ వర్గానికీ సడలింపు లేదు. జ్ఞాపకశక్తిలో 65 తెచ్చుకున్నవాడు ఏకాగ్రతలో 41 దగ్గర ఆగితే ఇంటికే. ఒకచోటి మిగులుతో ఇంకోచోటి తరుగు పూడదు.

ఇదే జంటనగరాల్లో ఏ పెద్ద కంపెనీ హెచ్.ఆర్. శిక్షణ గదిలోకి తొంగి చూసినా వినబడే మాట దీనికి సరిగ్గా ఎదురు: ఉద్యోగి లోపాల వెంట పడకండి, బలాలకు పదును పెట్టండి, సంస్థ దానంతటదే బాగుపడుతుంది. రైల్వే వాళ్లు పాతకాలం వాళ్లనీ, కంపెనీ వాళ్లు కొత్త తెలివి నేర్చుకున్నారనీ తీర్పు చెప్పేయడం తేలిక. కానీ ఆ రెండు గదుల్లోనూ కూర్చున్నది మన పిల్లలే. ఎక్కడ లోపం చూడాలి, ఎక్కడ బలం చూడాలి, చూశాక ఏం చేయాలి అన్నది కొంచెం నిదానంగా తేల్చుకోవలసిన విషయం. అందుకు సికింద్రాబాద్ కంటే మంచి పాఠశాల దొరకదు.

బలాల వాదం ఎక్కడిది?

ఈ వాదానికి ముగ్గురు నలుగురు పెద్దలున్నారు. మొదటివాడు పీటర్ డ్రకర్. 1967 నాటి ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’లో ఆయన ఒక పన్నుల అకౌంటెంట్ ఉదాహరణ చెప్పాడు. లెక్కల్లో దిట్ట, మనుషులతో మాటలు రావు. అలాంటివాడు సొంతంగా ఆఫీసు తెరిస్తే నష్టపోతాడు. సంస్థలో ఉంటే మాత్రం అతణ్ని లెక్కల దగ్గరే ఉంచి, మాట్లాడే పనిని మాట నేర్చినవాడికి అప్పగించవచ్చు. మనిషి బలాన్ని పనిలోకి తెచ్చి, అతని బలహీనత ఎవరికీ అడ్డుపడకుండా చూడటానికే సంస్థ ఉన్నదని డ్రకర్ వాదన.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో బోధించిన డొనాల్డ్ క్లిఫ్టన్ ఆ ఆలోచనను కొలతగా మార్చాడు. గ్యాలప్ సంస్థ అందించే ఆయన ప్రశ్నావళిలో 177 జతల వాక్యాలుంటాయి. జవాబులను బట్టి 34 గుణాల్లో మీలో పైచేయిగా ఉన్నవి ఇవీ అని తేల్చి చెబుతుంది. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడైన మార్టిన్ సెలిగ్‌మన్, మనసు జబ్బుల మీదే కాదు మనసు బలాల మీదా పరిశోధన జరగాలని పిలుపిచ్చాడు. 2004లో క్రిస్టఫర్ పీటర్సన్‌తో కలిసి 24 గుణబలాల పట్టిక తెచ్చాడు.

ఎదురు వాదనలూ గట్టివే. బలాల ప్రశ్నావళిని అమ్మే సంస్థే దాని ఫలితాల గురించి ఎక్కువగా రాసుకున్నదన్న సంగతి పాఠకుడు మరవకూడదు. రాబర్ట్ కప్లాన్, రాబర్ట్ కైజర్ మరో కోణం చూపించారు. బలం అతిగా వాడితే అదే లోపమవుతుంది: గట్టిగా నిర్ణయం తీసుకునేవాడు ఎవరి మాటా వినని వాడవుతాడు, అందరినీ కలుపుకుపోయేవాడు ఏదీ తేల్చలేనివాడవుతాడు. కెరోల్ డ్వెక్ ఇంకా ముందుకు వెళ్లి, ప్రతిభను పుట్టుకతో వచ్చిన ఆస్తి అనుకోవడమే ఎదుగుదలకు అడ్డమంది. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక డ్వెక్ మాటనే కంపెనీ మంత్రం చేసుకున్నాడు. అంతకు మూడు నెలల ముందే, 2013 నవంబరులో, ఉద్యోగులను బలవంతంగా మంచి–మధ్యస్థం–నాసి అని వరుస పెట్టే పద్ధతిని ఆ కంపెనీ ఎత్తేసింది. ఏ జట్టులోనైనా కొందరిని నాసి గడిలో వేయక తప్పదన్నప్పుడు పక్కవాడి బలం చూసి సంతోషించేవాడు ఎవడు?

చెప్పే తీరుపైనా ఒక ముఖ్యమైన లెక్క ఉంది. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి 1996లో వందలాది పరిశీలనలను ఒకచోట పోగేసి చూశారు. పనితీరు గురించి ఉద్యోగికి చెప్పడం సగటున మేలే చేసింది కానీ, మూడోవంతుకు పైగా సందర్భాల్లో పని తీరు అంతకుముందు కంటే దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లిన కొద్దీ మేలు తగ్గిందని వారు తేల్చారు.

కవరులో దాచిన మంచి

మన ప్రభుత్వ కార్యాలయాల చరిత్ర వేరే దారిలో నడిచింది. ‘కాన్ఫిడెన్షియల్’ అన్న మాట వింటేనే గుండె జారే తరం ఇంకా రిటైరై ఎంతో కాలం కాలేదు. ఏడాదికోసారి పైఅధికారి రాసే రహస్య నివేదికలో చెడు రాస్తే మాత్రమే ఉద్యోగికి తెలియజేసేవారు. మంచి రాస్తే ఆ కాగితం కవరులోనే ఉండిపోయేది. ముప్పై ఏళ్లు నౌకరీ చేసినవాడికి తన తప్పుల జాబితా మెమోల రూపంలో నోటికి వచ్చు, తన బలం ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

దీన్ని తిరగేసింది 2008 మే 12 నాటి దేవ్ దత్ కేసు తీర్పు. సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరైన ఆయనకు ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. పదోన్నతికి కావలసింది ‘వెరీ గుడ్’. చెడు మాట కాదు కనుక ఆయనకు చెప్పలేదు, చెప్పలేదు కనుక ఆయన అభ్యంతరం పెట్టుకోలేకపోయాడు, చివరికి పదోన్నతి పోయింది. మంచైనా చెడైనా ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలియాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది నుంచి కేంద్ర ప్రభుత్వం నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపే ఏపీఏఆర్ పద్ధతికి మారింది. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగి ఇంకో అడుగు వేసి, నియమాల చుట్టూ కాక, చేసే పాత్ర చుట్టూ ఉద్యోగి సామర్థ్యాన్ని పెంచాలంది. కాగితం మీద ఇవన్నీ మంచి మలుపులే. అయితే చాలా నివేదికల్లో ఇప్పటికీ కనిపించేది ‘శ్రద్ధగా పనిచేస్తారు’, ‘విధేయులు’ అన్న అచ్చు మాటలే. కవరు తెరుచుకుంది కానీ లోపల ఉన్నది ఎవరికి రాసినా సరిపోయే ఉత్తరం.

కాకినాడ నేర్పిన పాఠం

మనిషిలో బలాన్ని శిక్షణతో పెంచవచ్చా అన్న ప్రశ్నకు ప్రపంచమంతా చదివిన ప్రయోగం ఒకటి తెలుగు నేల మీద జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెల్లండ్ 1960ల నడిమి రోజుల్లో కాకినాడ చిన్న వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్ యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించాడు. ఏదో సాధించాలన్న తపనను పెంచే శిక్షణ అది. పోల్చి చూడటానికి, శిక్షణ పొందనివారి లెక్కా తీశారు. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన 1969లో ఫలితాలను పుస్తకంగా వేశాడు. శిక్షణ పొందినవారు తర్వాతి రెండేళ్లలో కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, ఎక్కువ గంటలు పనిచేశారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు.

సాధారణంగా అందరూ చెప్పుకునేది ఇంతవరకే. కానీ ఆ పుస్తకంలో నాకు అసలు విషయం అనిపించేది వేరే ఉంది. శిక్షణ ఫలితం గట్టిగా కనబడింది తమ వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవారిలోనే. తండ్రి గల్లాపెట్టె దగ్గర కూర్చుని తాను వెనక లెక్కలు రాసే కొడుకు అదే శిక్షణ పొంది వచ్చినా, తపన పెరిగినా, దాన్ని పెట్టే చోటు లేదు. బలం సగం మనిషిలో ఉంటుంది, మిగతా సగం అతను కూర్చునే కుర్చీలో ఉంటుంది.

ఈ సంగతిని సంస్థల భాషలోకి తెచ్చినవారిలో తెలుగువారైన టి.వి. రావు ఒకరు. ఆయన, ఉదయ్ పరీక్ కలిసి 1970ల మధ్యలో ఎల్ అండ్ టి కంపెనీకి గీసిచ్చిన ప్రణాళిక నుంచే మన దేశంలో మానవ వనరుల అభివృద్ధి విభాగం అన్న భావన పుట్టింది. ఇప్పుడు చేస్తున్న పనిని కొలవడం ఒకటి, రేపు చేయగలదాన్ని అంచనా వేయడం మరొకటి అని వారు విడదీశారు. ఆ రెంటికీ తోడుగా ఉద్యోగితో ముఖాముఖి మాట్లాడటాన్ని, పదోన్నతి దారిని, శిక్షణను ఒకే గొలుసుగా కలిపారు. శిక్షణ మాత్రం ఇచ్చి కుర్చీ మార్చకపోతే ఆ గొలుసు తెగినట్టే.

పట్టాల ఊరి పద్ధతి

ఇప్పుడు సికింద్రాబాద్‌కు వద్దాం. 1874లో వాడి జంక్షన్ నుంచి ఇక్కడికి రైలు వచ్చింది. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడి ఈ ఊరే కేంద్రమైంది. తార్నాకలో 1957 నుంచి సిగ్నల్, టెలికాం ఇంజనీర్ల జాతీయ శిక్షణ సంస్థ ఇరిసెట్ నడుస్తోంది. మౌలాలిలో స్టేషన్ మాస్టర్లకూ, ఈమధ్యే ట్రైన్ మేనేజర్లుగా పేరు మారిన గార్డులకూ శిక్షణ ఇచ్చే జోనల్ సంస్థ ఉంది. మెట్టుగూడ, చిలకలగూడ, లాలాగూడ కాలనీల్లో పుట్టి పెరిగినవారికి ఇవి సంస్థలు కావు, ఇంట్లో మాటలు. ‘నాన్న రిఫ్రెషర్‌కి వెళ్లారు’ అంటే ఏమిటో ఆ పిల్లలకు చిన్నప్పుడే తెలుసు.

ఇక్కడ లోపాన్ని ముందు చూడటానికి కారణం ఉంది. సిగ్నల్ విద్యలో మొదటి సూత్రం: ఏ తీగ తెగినా, ఏ రిలే చెడినా దీపం ఎరుపులోకే పోవాలి. ఆ సూత్రమే మనుషులకూ వర్తిస్తుంది. స్టేషన్ మాస్టరుకు ప్రయాణికులతో ఎంత చక్కటి మాటతీరున్నా, లైన్ ఖాళీగా ఉందో లేదో రూల్ ప్రకారం చూసుకోకుండా బండికి దారి ఇస్తే ఆ మాటతీరు ఎవరినీ కాపాడదు. అందుకే రిఫ్రెషర్‌లో వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదివిస్తారు, అడుగుతారు. బలాల పుస్తకాలు ఎక్కువగా సేల్స్, కన్సల్టింగ్ లాంటి రంగాల నుంచి వచ్చాయి. అక్కడ తప్పు జరిగితే ఒక కస్టమర్ పోతాడు. ఇక్కడ ప్రాణాలు పోతాయి.

అయినా అంతటితో ఆగిపోతే రైల్వే వందేళ్లకు పైగా మనుషులను తయారు చేసుకోగలిగేది కాదు. లాలాగూడ లాంటి వర్క్‌షాపులో ఖలాసీగా చేరినవాడికి పైమెట్టు ఎక్కాలంటే ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. వెల్డరైతే వెల్డింగ్ చేసి చూపాలి, ఫిట్టరైతే ముక్కను కొలతకు అరగదీసి బిగించి చూపాలి. అక్కడ బలం అంటే ప్రశ్నావళిలో టిక్కు కాదు, బెంచీ మీద పెట్టిన వస్తువు. గ్రూప్ సి నుంచి అధికారి స్థాయికి వెళ్లే గ్రూప్ బి పోస్టుల్లో 70 శాతాన్ని సీనియారిటీ దారిలో వచ్చేవారికి సెలక్షన్ ద్వారా, 30 శాతాన్ని పరిమిత శాఖాపరమైన పోటీపరీక్ష ద్వారా నింపుతారు. వరుసలో వెనకున్నా సత్తా ఉన్నవాడు ముందుకు రావడానికి తెరిచిన కిటికీ ఆ 30 శాతం. ఈ పరీక్ష కోసం డ్యూటీ దిగాక రాత్రిళ్లు రూల్ బుక్ ముందేసుకుని చదివిన తండ్రులు ఈ ఊళ్లో ఇంటికొకరు ఉంటారు.

కొత్త బలం అవసరమైనప్పుడు ఏం చేయాలో చెప్పే తాజా ఉదాహరణ కవచ్. రైళ్లు ఢీకొనకుండా ఆపే ఈ వ్యవస్థను మొదటి నుంచీ పరీక్షించింది దక్షిణమధ్య రైల్వే పరిధిలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజన్‌లో కూర్చుని దాన్ని చూశారు. తొలిగా 1,465 కిలోమీటర్ల మేర ఈ జోన్‌లోనే అమర్చారు. పాత రిలే గదుల్లో చేయి తిరిగిన సిగ్నల్ సిబ్బంది ఇప్పుడు రేడియో, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఇరిసెట్‌లో అందుకు శిక్షణ ఉంది. ఈ మార్పులో ‘నీ బలం రిలేలే, నువ్వు అక్కడే ఉండు’ అని ఏ ఉద్యోగికైనా అంటే, అది అతని మీద ప్రేమ కాదు, అతని ఉద్యోగానికి గడువు పెట్టడం.

కోర్టు, పిచ్చు, ఆ తర్వాత

బలాన్ని గుర్తించి, దానికి సమయమూ చోటూ ఇవ్వడంలో రైల్వే చేసిన గొప్ప పని ఆటల్లో కనబడుతుంది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఉన్న పి.వి. రమణ రైల్వే ఉద్యోగి, 2000లో అర్జున పురస్కారం పొందారు. ఆయన కూతురు సింధు రాకెట్ పట్టుకుని తొలి పాఠాలు నేర్చింది తార్నాకలోని ఇరిసెట్ ఆవరణలో ఉన్న బ్యాడ్మింటన్ కోర్టులోనే, మహబూబ్ అలీ దగ్గర. సిగ్నల్ ఇంజనీర్ల కోసం కట్టిన చోట ఒలింపిక్ పతకానికి బీజం పడింది. సికింద్రాబాద్ కీస్ హైస్కూల్లో చదివిన మిథాలీ రాజ్ రైల్వేస్ జట్టుకు ఆడింది, దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగం చేసింది. మహిళల క్రికెట్‌లో జీతమంటూ లేని రోజుల్లో నెల తిరిగేసరికి వచ్చే రైల్వే జీతమే ఎందరో ఆటగత్తెలను మైదానంలో నిలబెట్టింది. వన్డేల్లో 7,805 పరుగులు చేసి మిథాలీ 2022లో ఆట విరమించింది.

అయితే ప్రతి ఆటగాడూ మిథాలీ కాడు. క్రీడా కోటాలో చేరినవారిలో ఎక్కువమంది ముప్పైల నడుమ ఆట వదిలి ఆఫీసుకు వస్తారు. పదిహేనేళ్లు మైదానంలో ఉన్నవాడిని ఫైళ్ల ముందు కూర్చోబెట్టి ‘పని రాదు’ అనడం అన్యాయం. పట్టుదల, ఓటమిని మర్నాటికి మోయకపోవడం, జట్టును నడపడం, ఇవన్నీ ఆటతో పోవు. వాటికి సరిపోయే కుర్చీ వెతకడం ఏ సంస్థకైనా బలాల నిర్వహణలో రెండో అధ్యాయం. మొదటి అధ్యాయం రాసినంత శ్రద్ధగా రెండోది రాసే సంస్థలు అరుదు.

మనోవికాస్‌నగర్ వైపు

మనిషి బలానికి సరిపోయే కుర్చీ ఎలా వెతకాలన్న ప్రశ్నకు అన్నిటికంటే స్పష్టమైన జవాబు మాత్రం రైల్వే దగ్గర కాదు, బోయినపల్లి దగ్గరి మనోవికాస్‌నగర్‌లో దొరుకుతుంది. మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో అక్కడ పెట్టిన జాతీయ సంస్థ ఇప్పుడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. పేరుతో నడుస్తోంది. వృత్తి శిక్షణ ఇచ్చే ప్రత్యేక ఉపాధ్యాయులు ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. కవరు అంటించడాన్నే తీసుకుంటే కాగితం తీయడం, గీత మీద మడవడం, జిగురు రాయడం, నొక్కడం, పక్కన పెట్టడం. ఎన్ని మెట్లు ఆ మనిషి తనంతట చేయగలడో ముందు చూస్తారు. చేయలేనివాటికి తోడు ఇస్తారు, లేదా పనినే కాస్త మారుస్తారు. ‘ఇతనికి ఏం రాదు’ అన్న చోట మొదలుపెడితే ఆ తరగతి మొదలే కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకు కేటాయించింది. అందులో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం, మానసిక రుగ్మత వంటివి ఉన్నవారికి. కానీ పోస్టు ఉన్నంత మాత్రాన చాలదు. అందులోని పనిని మనోవికాస్‌నగర్ ఉపాధ్యాయుడిలా విప్పి చూసేవాడు ఒకడు ప్రతి ఆఫీసులో ఉండాలి. నిజానికి ఆ చూపు మామూలు ఉద్యోగులకూ కావాలి. ‘అతను రిపోర్టులు సరిగా రాయడు’ అని ఎత్తిపొడిచే ముందు, సమాచారం సేకరించడం దగ్గర ఆగుతున్నాడా, వాక్యం కట్టడం దగ్గర ఆగుతున్నాడా అని ఎందరు అధికారులు చూస్తారు?

బలం ముద్రగా మారితే

మన సమాజంలో బలాల వాదానికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. గాడిద పని గాడిద చేయాలి, కుక్క పని కుక్క చేయాలి అన్న సామెతను తరతరాలుగా ఎవరి మీద వాడామో అందరికీ తెలుసు. ‘వాళ్ల చేతి పని బాగుంటుంది’, ‘లెక్కల పని వీళ్లకే వస్తుంది’, ‘ఆడవాళ్లు ఓపికగా చేస్తారు’ అన్నవి వినడానికి మెచ్చుకోళ్లు, వాడకంలో కట్టుగొయ్యలు. ఫలానా ఉద్యోగినికి ఓర్పు ఎక్కువ కనుక ఆమెను ఎప్పుడూ రిసెప్షన్‌లోనే కూర్చోబెట్టే ఆఫీసులు లేవా? బలం పేరుతో మనిషిని ఒక మూల కట్టేయడానికీ కులవృత్తికీ దూరం ఎంతో లేదు.

రెండో ప్రమాదం పదోన్నతిది. ఒక పనిలో మేటి అయినవాణ్ని తీసుకెళ్లి ఇంకో పనిలో కూర్చోబెడతాం. లారెన్స్ పీటర్, రేమండ్ హల్ 1969లో దీన్ని హాస్యంగా చెప్పారు: ప్రతివాడూ తనకు చేతకాని మెట్టు వరకూ ఎక్కుతూనే ఉంటాడు. అలన్ బెన్సన్, డేనియెల్ లీ, కెల్లీ షూ 2019లో అమెరికా కంపెనీల లెక్కలతో అది హాస్యం కాదని చూపారు. అమ్మకాల్లో మేటి అయినవారినే మేనేజర్లుగా చేశారు కానీ, వారి కింద పనిచేసినవారి అమ్మకాలు మెరుగుపడలేదు, పడిపోయాయి. అందరూ అందలమెక్కితే మోసేదెవరు అంటాం కానీ, మోయడంలో మేటి అయినవాడికి గౌరవం, జీతం దక్కాలంటే అందలం ఎక్కక తప్పని ఏర్పాటు చేసింది మనమే. ఎక్కకుండానే ఎదిగే దారి ఉంటే మంచి వెల్డరు మంచి వెల్డరుగానే రిటైరవుతాడు, సంస్థకు ఒక నాసిరకం సూపర్‌వైజర్ తప్పుతాడు.

తేలిందేమిటి?

మొదట చెప్పిన 42 దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆ కథలో సగమే చెప్పాను. 42 దాటాక లెక్క మారుతుంది. ప్రతి పరీక్షలోనూ ఆ గీత దాటినవారికి తుది మెరిట్ కట్టేటప్పుడు ఆప్టిట్యూడ్ స్కోరుకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. గీత కిందున్నంతవరకూ లోపమే మాట్లాడుతుంది. గీత దాటాక బలం మాట్లాడుతుంది. రైల్వే పద్ధతికీ కంపెనీ శిక్షణ గదికీ మధ్య ఉన్నది తగువు కాదు, వరుస. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే తేడా.

ఏ పనిలోనైనా తగ్గకూడని గీత ఏదో ముందు తేల్చుకోవాలి. అది చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి, దానిపై రాజీ ఉండకూడదు. ప్రతి చిన్న లోపాన్నీ ఆ గీత కిందికి లాగితే ఉద్యోగి జీవితమంతా రిఫ్రెషర్‌లోనే గడిచిపోతుంది. గీత దాటినవారి బలాన్ని ప్రశ్నావళితో కాక చేసిన పనితో గుర్తించాలి. గుర్తించాక కాకినాడ పాఠం మరవకుండా ఆ బలానికి కుర్చీ, నిర్ణయం, సమయం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే బలాల వర్క్‌షాపు పెట్టకపోవడమే మేలు. ఇచ్చిన కుర్చీని మళ్లీ శాశ్వతం చేయకుండా, రేపు ఇంకో బలం పుట్టే వీలు కూడా వదలాలి.

మార్చి 31తో ఇంకో ఏడాది ముగుస్తుంది, బల్ల మీదికి మళ్లీ నివేదికల కట్ట వస్తుంది. ఈసారి ‘శ్రద్ధగా పనిచేస్తారు’ అని రాసి సంతకం పెట్టబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఏ పని, ఏ రోజు, ఎలా చేశారో ఒక వాక్యం రాయండి. ఆ మనిషికి వచ్చే ఏడాది ఏ పని అప్పగిస్తారో ఇంకో వాక్యం రాయండి. ఆ రెండో వాక్యం రాయలేకపోతున్నారంటే, ఆ ఉద్యోగి బలాన్ని మీరింకా చూడలేదన్నమాట.